నాలుగో గీత

గొడ్డలి మూడో దెబ్బకు గోడ సున్నం పెచ్చుగా ఊడి పెద్దకోడలి పాదాల మీద పడింది.

ధాన్యపు కొట్టు గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. కింది పెదవి చిట్లి, నెత్తురు గడ్డం దాకా జారి ఆరిపోతోంది. మొదటి దెబ్బ పడకముందు భర్త మోచెయ్యి పట్టుకుని ఆపబోయినందుకు దక్కిన ప్రసాదం అది. అతను వెనక్కి తిరిగి చూడనైనా లేదు. ఈగను తోలినట్టు పెడచేత్తో ఒక్కటి విసిరి, మళ్ళీ గొడ్డలి ఎత్తాడు.

"గోడలోనే ఉన్నాడు," అంటున్నాడు ఊపిరికీ ఊపిరికీ మధ్య. "మూడు రోజులు తలుపుకి మాస్టారు వేసిన లక్క ముద్ర ఉంది. ముద్ర చెక్కు చెదరలేదు. లోపల నరమానవుడు లేడు. అయినా చప్పుడు వచ్చింది. నాన్న కాకపోతే ఎవరు?"

ఆ ముద్రను ఇప్పుడు తన మడమతోనే పగలగొట్టి లోపలికి వచ్చాడన్న సంగతి అతనికి గుర్తున్నట్టు లేదు.

ఆ గోడ మందం మూడు మూరలు. నూటయాభై ఏళ్ల కిందట రాతి మీద రాయి పేర్చి కట్టిన వ్యవసాయపు ఇల్లు అది. వీధి ద్వారబంధం మీద చెక్కిన సంవత్సరాన్ని చూడడానికి దూరాల నుంచి మనుషులు వచ్చేవారు. ఒక్క రాయి కదిపినా అనుమతి కావాలంటూ పురాతన కట్టడాల శాఖ వారు గేటుకు రేకు బోర్డు బిగించి వెళ్ళారు. ఇవాళ ఆ బోర్డు కిందనే కూర్చుని పెద్దవాడు గొడ్డలికి పదును పెట్టుకున్నాడు.

వాకిట్లో నుంచి చిన్నవాడి గొంతు వినిపించింది. వదినను ఇవతలికి వచ్చెయ్యమంటున్నాడు. గోడ కూలితే కూలనీ గాని, మాస్టారు లెక్క ముగించేదాకా అయినా అన్నయ్యను ఆగమని చెప్పమంటున్నాడు. ఆ ఇంట్లో అన్నదమ్ములు నేరుగా మాట్లాడుకోవడం మానేసి నాలుగు నెలలైంది. మాటలన్నీ ఆమె మీదుగానే అటూ ఇటూ నడుస్తున్నాయి. వంతెన మీద నడిచేవాళ్ళకు వంతెన నొప్పి తెలియదు కదా.

*

ఆ ఇంటికి తనదైన ఒక భాష ఉంది.

వంటింటి వసారాలో గొలుసుకు వేలాడే ఇనుప పట్టా ముక్క ఆ భాషకు నోరు. ఒకటి కొడితే భోజనానికి రమ్మని. రెండు కొడితే పశువు కట్టు తెంచుకుందని. మూడు కొడితే ఇంటికి మనుషులు వచ్చారని. నాలుగు కొడితే పాతరలో మనిషి ఆపదలో ఉన్నాడని.

నాలుగు విన్నవాడు చేతిలో ఏముంటే అది అక్కడే విడిచి పరుగెత్తాలి. పాలచెంబైనా సరే, పసిబిడ్డైనా సరే. బిడ్డనైతే కాస్త మెత్తటి చోట విడవమనేవారు మావగారు. ఆయన హాస్యం అంతవరకే. కొడుకులిద్దరికీ నడక వచ్చిన నాటి నుంచి ఈ పాఠం బెత్తంతో నేర్పారు. నాలుగో దెబ్బకు పిడికిలి తెరుచుకోకపోతే వేళ్ళ కణుపుల మీద వాత తేలేది.

కొట్టు వెనక, భూమిలోకి రెండు నిలువుల లోతున దింపిన ధాన్యపు గొయ్యే పాతర. మూతబడ్డ ధాన్యం కింద గాలి చెడుతుంది. దీపం దింపి, అది ఆరకుండా వెలిగితేనే మనిషి దిగాలి. లోపల గోడ వెంట ఒక ఇనుప ఊచ ఉంటుంది. కింద దాని మీద కొడితే పైన వంటింట్లో మోగుతుంది.

నాలుగు నెలల కిందట మావగారు దీపం దింపకుండా దిగారు. సూత్రం చేసినవాడికి సూత్రం వర్తించదన్నది ఆయన నమ్మకం. నిచ్చెన జారింది. తుంటి విరిగింది. పొద్దు వాలాక గాని ఎవరూ చూడలేదు. పడ్డాక గంటసేపైనా ప్రాణం ఉండి ఉంటుందన్నాడు డాక్టరు. కుడి పిడికిలి మీద చర్మం ఊడిపోయి ఉంది. పక్కన రాయి, ఊచ మీద కొత్త గాట్లు.

అంటే కొట్టాడు. ఎవరూ రాలేదు.

పెద్దవాడు ఆ పూట చివరి పొలంలో ఉన్నాడు. పెద్దకోడలు సంతకు వెళ్ళింది. అత్తగారు చేతికి కట్టుతో, నొప్పి మందు మత్తులో పడుకుని ఉన్నారు. చిన్నవాడు షెడ్డులో ట్రాక్టరు కింద దూరి, ఇంజను నడిపిస్తూ మరమ్మతు చేస్తున్నాడు; ఆ మోతలో ఏమీ వినపడలేదన్నాడు. వాటాలు పంచమని తండ్రితో అతను గొడవపడ్డది అంతకు ముందురోజే.

శవం ఇల్లు దాటకముందే పెద్దవాడు ప్రతిజ్ఞ చేశాడు. విని కూడా కదలని మనిషి ఎవరో తేలిన నాడు, ఆ మనిషిని అదే పాతరలో పూడుస్తానని. అన్నప్పుడు తమ్ముడి కళ్ళలోకే చూశాడు.

తరవాత రెండు వారాలకు కొట్టు గోడలో చప్పుళ్ళు మొదలయ్యాయి. రోజూ పొద్దెక్కాక, ఒక్కసారి, మూడు దెబ్బలు. మూడంటే మనిషి వచ్చాడని అర్థం. పెద్దవాడికి ఇంకొకరు విప్పి చెప్పనక్కర్లేకపోయింది.

మాస్టారిని పిలిపించింది మాత్రం చిన్నవాడు. ఆయన బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. దెయ్యాలున్నాయన్న ఇళ్ళకు వెళ్ళి నిగ్గు తేల్చడం ఆయన వార్ధక్యపు వ్యాపకం. పెద్దవాడు ఒప్పుకున్నాడంటే కారణం వేరు. శోధన జరిగితే తండ్రి నోరు తెరిచి దోషి పేరు చెబుతాడని అతని ఆశ.

ఒకే పని కోసం ఇద్దరూ తలుపు తెరిచారు. ఒకడు చచ్చినవాడిని పంపించడానికి. ఒకడు రప్పించడానికి.

*

చిన్నవాడి మాట భర్తకు చేరవేసి లాభం లేదని ఆమెకు తెలుసు. అక్కణ్ణించి కదిలింది. పలకలు పోగు చెయ్యడం మిగిలి ఉంది.

మాస్టారి పద్ధతే పలక. తన బడి నుంచి తెచ్చిన చెక్క చట్రాల పాత రాతిపలకలు నాలుగు, మనిషికి ఒకటి చొప్పున పంచారు. చప్పుడు వినగానే ఎవరితోనూ పలక్కుండా, ఎన్ని దెబ్బలు వింటే అన్ని గీతలు గియ్యాలి. పలక బోర్లించాలి. రోజూ పెద్దకోడలు వాటిని తెచ్చిస్తే ఆయన చూసి, గీతల కింద తేదీ వేసి, తిరిగి పంపిస్తారు. ఎవరిది ఏదో తనకు కూడా తెలియకూడదని పేర్లు రాయించలేదు. ఒకరి నోట్లోంచి ఇంకొకరి చెవిలో పడ్డ మాట సాక్ష్యం కాదనీ, కాపీ అనీ మొదటి రోజే అందరినీ వరసగా కూర్చోబెట్టి చెప్పారు. పెద్దవాడంతటి వాడు కూడా చేతులు కట్టుకుని విన్నాడు.

అత్తగారి గది కొట్టుకు ఆనుకునే ఉంది. లోపల ప్రతి గొడ్డలి దెబ్బకూ కిటికీ రెక్క కదులుతోంది. ఆవిడ మంచం అంచున, వీపు నిటారుగా పెట్టి కూర్చుని ఉన్నారు. కుడి మణికట్టు అతికింది గాని వంకరగా అతికింది. గీతలు ఎడమచేత్తోనే గీస్తున్నారు.

పలక అందిస్తూ కోడలి ముఖం చూశారు. ఎవరు కొట్టారని అడగలేదు. ఎందుకని కూడా అడగలేదు.

"ఉప్పునీళ్ళు పెట్టు," అన్నారు. "పసుపు అద్దకు. పెదవి మీద మచ్చ దిగితే పోదు."

"అలాగే అత్తయ్యా."

"రెండో రోజు వాస్తుంది. మూడో రోజుకి తగ్గుతుంది. తినేటప్పుడు ఎడమ పక్క నమలు."

అంత లెక్కగా చెప్పడానికి ఏ వైద్యశాస్త్రం చదవనక్కర్లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ సంసారం చాలు.

నడవలోకి వచ్చాక ఆమె పలక తిప్పి చూసింది. మొదటి రోజు గీతలు, రెండో రోజు గీతలు పైన ఉన్నాయి. వాటి కింద ఇవాళ్టివి. వణికే ఎడమచేతి గీతలు. ఒకటి, రెండు, మూడు.

నాలుగు.

మొదటి రోజు చూసినప్పుడు పొరబాటనుకుంది. రెండో రోజు వయసనుకుంది. ఇవాళ ఏమనుకోవడానికీ ధైర్యం చాలలేదు. గోడలో మూడే మోగాయి. ఆమె విన్నది మూడు, భర్త విన్నది మూడు, మరిది విన్నది మూడు. మూడు దెబ్బల చప్పుడు వచ్చిన ప్రతిసారీ ఒక్క అత్తగారి చెవిలో నాలుగు మోగుతున్నాయి. నాలుగంటే ఈ ఇంట్లో ఏమిటో పశువులకు కూడా తెలుసు.

ఆ రోజు మందు మత్తులో ఉన్నానన్న మనిషి.

ప్రాణం తీసే నిజానికీ, ప్రాణం నిలిపే అబద్ధానికీ తూకం వెయ్యడంలో శాస్త్రాలు తిరగేసినవాళ్ళే తడబడ్డారు. చారెడు పిండి తప్ప మరేదీ తూచి ఎరగని ఇల్లాలికి ఆ విచారణకు వ్యవధి ఎక్కడిది? బొటనవేలు నాలిక మీద తడి చేసుకుంది. నెత్తురు రుచి తగిలింది. నాలుగో గీత తుడిచేసింది, నిన్నా మొన్నా తుడిచినట్టే.

*

ఉన్నట్టుండి గోడలో మూడు దెబ్బలు మోగాయి.

ఒకసారి వచ్చాక మళ్ళీ రేపటి దాకా రాని చప్పుడు. కొట్టులో గొడ్డలి ఆగింది. పెద్దవాడు సున్నం దులుపుకోకుండానే బయటికి వచ్చాడు. ముఖం తెల్లగా, కళ్ళు ఎర్రగా.

పశువుల తొట్టి దగ్గర నుంచి మాస్టారు అందరినీ చేత్తో పిలిచారు. పంపు మీద చెయ్యి వేసి, పంతం నెగ్గిన పిల్లవాడిలా నవ్వుతున్నారు. ఇంకోసారి చూడమన్నారు. తొట్టిలో నీళ్ళు కొంత తోడించి, పంపు పూర్తిగా తిప్పారు. నీళ్ళు నిండాయి. పైన తేలే బంతి లేచి గొట్టం నోరు టప్పున మూసింది. గోడలో మూడు దెబ్బలు.

మూడోసారి పంపు కొద్దిగా మాత్రమే తిప్పి, బంతిని నెమ్మదిగా లేవనిచ్చారు. గోడ పలకలేదు.

"పరుగెత్తే నీళ్ళకి ముఖం మీద తలుపు వేస్తే ఇంతే బాబూ," అన్నారాయన. "వెనక్కి తిరిగి గొట్టానికి తల బాదుకుంటాయి. ఈ గొట్టం కొట్టు గోడలోంచి వస్తోంది. బంతి ఎప్పుడు పెట్టించారు?"

నాన్న పోయిన రెండో వారంలో అని చిన్నవాడు చెప్పాడు. తొట్టి పొర్లిపోతోందని తనే బిగించాడు. చెబుతూ చెబుతూ నవ్వాడు. నాలుగు నెలలుగా గుండె మీద ఉన్న బండ దొర్లిపోయిన నవ్వు అది; ఆపుకోవడం అతని వశంలో లేదు.

"అయితే వదినా, రోజూ అన్నయ్య గోడకి చెవి ఆనించి 'ఉన్నాను నాన్నా, ఉన్నాను' అనేది గొట్టంతోనా? పాపం, గొట్టమైనా ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది?"

 పెద్దవాడి మెడ మీద నరం ఒకటి లేచి నిలబడింది. తండ్రి వచ్చాడన్న నమ్మకం ఒక్కటే ఈ నాలుగు నెలలూ అతన్ని నిలబెట్టింది. ఇప్పుడు అదే అతన్ని నలుగురిలో నగుబాటు చేసింది. సిగ్గు పుట్టించిన కోపానికి కళ్ళుండవు.

భోజనం చల్లారిపోతోందనీ, కాళ్ళు కడుక్కోమనీ పెద్దకోడలు తొందరపెట్టింది. పలకలు పెట్టెలో పెట్టి మూత వేసింది. మాస్టారు ఆ మూత మళ్ళీ తీశారు.

"ఒక్క నిమిషం అమ్మా. ఒక పలక దిద్ది ఉంది."

ముప్ఫై ఏళ్ళు పలకలు దిద్దిన మనిషి. ఎవరు తుడిచారో, ఎక్కడ తుడిచారో, తుడవకముందు ఏముందో పట్టుకోవడమే ఆయన జీవితకాలపు వృత్తి. దిద్దిన పలకను చూసి ఊరుకోవడం ఆయన ఏనాడూ నేర్చుకోలేదు. ఎవరి ఇంట్లో, ఏ గొడ్డలి ఎదుట మాట్లాడుతున్నారో ఆ క్షణాన ఆయనకు తోచలేదు. పలకను ఎండకు వాలుగా పట్టి చూపించారు.

"ఇదిగో, ఈ మూడు గీతల పక్కన తడివేలితో తుడిచిన నలుపు. మొదటి రెండు రోజులూ చెయ్యి తగిలిందేమో అనుకున్నాను; మూడు రోజులూ అంతే. ఇది రాసినవారు రోజూ నాలుగు గీశారు. ఎవరో నాలుగోది చెరిపారు."

"ఎందుకు?" అన్నాడు పెద్దవాడు. ఆ పూట అతను నెమ్మదిగా అన్న మొదటి మాట అది.

"అదే నాకూ ఆశ్చర్యం. గొట్టం మూడే కొడుతుంది. నాలుగు విన్న చెవి గొట్టాన్ని వినడం లేదు బాబూ. ఎప్పుడో విన్నదాన్ని మళ్ళీ మళ్ళీ వింటోంది."

అన్నాక ఆయనకు తెలిసింది. నోరు తెరిచి ఉండగానే ముఖంలో రంగు దిగిపోయింది. పలక వెనక్కి లాక్కున్నారు గాని, పలక లోపలికి పోయినంత మాత్రాన మాట లోపలికి పోతుందా?

పెద్దవాడు తమ్ముడి వైపు తిరిగాడు. నాలుగు నెలల తరవాత నేరుగా మాట్లాడాడు.

"ఇంజను మోతలో వినపడలేదన్నావు."

"ఇప్పటికీ అదే అంటాను."

"ఆ పలక ఎవరిది?"

"నాది కాదు." చిన్నవాడి పెదవి మీద ఇందాకటి నవ్వు ఇంకా పూర్తిగా చెరగలేదు. "నమ్మితే నమ్ము. లేకపోతే వెళ్ళి గొట్టాన్ని అడుగు."

*

జుట్టు పట్టుకుని రాతితొట్టి అంచుకు కొట్టిన చప్పుడు, పచ్చి గుమ్మడికాయ నేల మీద పడ్డట్టు వినిపించింది.

చిన్నవాడి నుదురు చీలి నెత్తురు కళ్ళలోకి దిగింది. చేతికి అందిన పంపు రెంచి గుడ్డిగా విసిరితే అన్న చెవి తెగి వేలాడింది. పెద్దవాడు చెవి తడుముకోలేదు. తమ్ముడి తలను నీళ్ళలోకి తొక్కాడు. తొట్టి నీళ్ళు గులాబి రంగుకు తిరిగి, చూస్తుండగానే ఎర్రబడ్డాయి. పశువులు పలుపులు తెంచుకోబోయాయి.

పెద్దకోడలు భర్త వీపు మీద పడి చొక్కా కాలరు పట్టుకు లాగింది. మోచెయ్యి డొక్కలో దిగింది. ఆమె బురదలో పడి, ఊపిరి అందక అక్కడే ముడుచుకుపోయింది. మాస్టారు అడ్డం వెళ్ళారు. కళ్ళద్దాలు ముందు విరిగాయి, ఆయన తరవాత పడ్డారు. వద్దు బాబూ, పలకలో తప్పు ఉండొచ్చు బాబూ అని ఆయన పడ్డచోటు నుంచే బతిమాలుతున్నారు. జీవితంలో మొదటిసారి తన దిద్దుబాటు తప్పు కావాలని కోరుకుంటున్నారు.

"నీళ్ళల్లో కాదు," అన్నాడు పెద్దవాడు. తమ్ముణ్ణి పైకి లాగి, జుట్టు పట్టుకునే పాతర వైపు ఈడ్చాడు. రెండో చేత్తో, కొట్టు గుమ్మానికి ఆనించిన గొడ్డలి అందుకున్నాడు. "నేనన్నచోటే."

చిన్నవాడు కాళ్ళతో నేలను తన్నుతున్నాడు. నోట్లో నీళ్ళూ నెత్తురూ కలిసి మాట రావడం లేదు. పాతర మూతకు నాలుగడుగుల దూరంలో పెద్దవాడు అతన్ని బోర్లా పడేసి, వీపు మీద కాలు వేసి, గొడ్డలి రెండు చేతులా ఎత్తాడు.

ఒక్క మాట చాలు ఆపడానికి. అది అత్తయ్య పలక అనాలి. ఆ మాట పెద్దకోడలి నాలిక చివర దాకా వచ్చింది. అంటే గొడ్డలి ఇక్కడ దిగదు. లోపలి గదిలో దిగుతుంది. అనకపోతే ఇక్కడే దిగుతుంది. ఒక మెడను కాపాడడానికి ఇంకొక మెడను చూపించాలి. ఇంత ఇరుకు సందులోకి ఎవరినీ నెట్టకు స్వామీ అనుకుంది. అప్పటికే తనను నెట్టేశాడు.

వసారాలో ఇనుప పట్టా గాలికి కొద్దిగా ఊగుతూ ఉంది.

ఎలా లేచిందో, ఎలా చేరిందో. పక్కనున్న ఇనుప గూటం రెండు చేతులా ఎత్తి కొట్టింది.

ఒకటి.

రెండు.

మూడు.

నాలుగు.

పెద్దవాడి వేళ్ళు తెరుచుకున్నాయి.

అతను తెరవలేదు. అవే తెరుచుకున్నాయి. గొడ్డలి అతని వెనక నేల మీద పడింది. తమ్ముడి వీపు మీది కాలు లేచింది. ముఖంలో కోపం అలాగే ఉంది, చెవి నుంచి నెత్తురు అలాగే కారుతోంది, కాని కాళ్ళు పరుగెత్తాయి. పాతర మూత మీద మోకాళ్ళ మీద పడి, ఇనుప కడియం రెండు చేతులా పట్టి, ఎముకలు పటపటమనేలా ఎత్తాడు. మూత సగం లేచింది.

వెనక చిన్నవాడు కూడా కదిలాడు. కళ్ళు కనపడక, లేవలేక, మోచేతుల మీద దేక్కుంటూ పాతర వైపే వస్తున్నాడు. ఒక క్షణం కిందట అన్న తనను పూడ్చబోయిన గొయ్యి అది. అయినా నాలుగు మోగాయి.

బెత్తం పట్టినవాడు పోయినా బెత్తం పోలేదు. ఇంతకాలానికి ఆ పాఠం ఒక ప్రాణం నిలబెట్టింది.

*

"లేవండిరా. అందులో ఎవరూ లేరు."

గుమ్మంలో అత్తగారు నిలబడి ఉన్నారు. నాలుగు మోగితే ఆ వాకిట్లో పరుగెత్తనిది ఆవిడ ఒక్కతే. వంకర చెయ్యి గుండెకు ఆనించుకుని, గొంతు ఏమాత్రం పెంచకుండా అన్నారు.

"ఆ రోజు ఉన్నాడు."

పెద్దవాడి చేతుల్లోంచి మూత జారి దబ్బున పడింది.

"నాలుగు కొట్టి ఆగేవాడు. ఆగి మళ్ళీ నాలుగు. నలభై సార్లదాకా లెక్కపెట్టాను. తరవాత లెక్క తప్పింది." ఆవిడ మెట్టు దిగారు. "మందు మత్తులో ఉన్నానని మీకు చెప్పాను. ఆ పూట మందు వేసుకోలేదు."

"ఎందుకమ్మా," అన్నాడు పెద్దవాడు. అడిగినట్టు లేదు. ఏదో బరువు మొయ్యలేక అన్నట్టుంది.

ఆవిడ మణికట్టు చాచి చూపించారు. "ఇది మెట్ల మీద జారి విరిగిందని డాక్టరుకి చెప్పిందెవరు? నువ్వే. బండిలో తీసుకెళ్ళిందీ నువ్వే. మీ నాన్న పార కర్ర ఎత్తినప్పుడు గుమ్మంలో నిలబడి చూసిందీ నువ్వే. అప్పుడు నేను కేకే పెట్టాను నాయనా. పట్టా కొట్టడానికి చెయ్యి లేక."

 మాస్టారు విరిగిన కళ్ళద్దాలు చేత్తో పట్టుకుని తల వంచుకున్నారు. చిన్నవాడు దేకడం ఆపి, తల్లి గొంతు వచ్చిన వైపు నెత్తుటి ముఖం తిప్పాడు.

"వినీ కదలని మనిషిని చంపుతానన్నావుగా. పలక నాదే. రోజూ చెరిపింది నీ పెళ్ళాం. నేను చెరపమనలేదు." ఆవిడ నడుచుకుంటూ వచ్చి, పాతర ఒడ్డున కొడుకు ఎదుట నిలబడ్డారు. "చంపు. కాని ఒక్క మాట అడిగి చంపు. రేపు నువ్వు ఇందులో పడి నాలుగు కొడితే, నీ పెళ్ళాం లేచి వస్తుందా? నన్ను కాదు. దాన్ని అడుగు."

పెద్దవాడు మోకాళ్ళ మీదే వెనక్కి తిరిగాడు. పెళ్ళైన పదకొండేళ్ళలో అతను ఆమె ముఖం కేసి ఇంతసేపు చూసిన జ్ఞాపకం ఆమెకు లేదు. చిట్లిన పెదవి చూశాడు. డొక్క పట్టుకున్న చెయ్యి చూశాడు. చూసి, బడి మొదటి రోజు పిల్లవాడు అడిగినట్టు అడిగాడు.

"వస్తావా?"

ఏమడిగినా వస్తానండీ, చేస్తానండీ అనడమే ఆ నోటికి అలవాటు. అలవాటుగానే నోరు తెరిచింది. పెదవి గాటు మళ్ళీ చీలింది. నెత్తురు ఉప్పగా నాలిక మీదికి వచ్చింది. మాట రాలేదు.

వెనక వసారాలో ఇనుప పట్టా ఇంకా సన్నగా మోగుతూనే ఉంది.

అంటే తను ఇప్పుడు వసారాలో లేదు. పాతరకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. అరికాలి కింద ఏదో గట్టిగా తగులుతుంటే కిందికి చూసింది.

గొడ్డలి పిడి. దాని మీద తన కాలు. బరువంతా వేసి తొక్కి ఉంది.